తోడుంటే నేరమా?

మొయినాబాద్ దాటి సురంగల్ వైపు పోతే దారి పొడవునా ప్రహరీలే. ఎత్తైన గోడ, ఇనుప గేటు, లోపల మామిడి చెట్ల నడుమ ఫాంహౌస్. పొద్దుగూకితే ఆటో దొరకదు. లోపల అరిచినా పక్క గేటుకు వినపడదు. ముక్కూమొహం తెలియని మనిషి పంపిన లొకేషన్ పట్టుకుని అలాంటి గేటులోకి ఒంటరిగా అడుగుపెట్టే సెక్స్ వర్కర్‌కు ఏదైనా జరిగితే ఎవరికి తెలుస్తుంది?

పోలీసుల దాడి జరిగినప్పుడు మాత్రం మన పత్రికలకు ఆమె కనిపిస్తుంది. ‘గుట్టు రట్టు’ అని హెడ్డింగు, చున్నీతో మొహం కప్పుకున్న ఫొటో. చివర స్వాధీనం చేసుకున్నవాటి చిట్టా: నగదు, సెల్‌ఫోన్లు, కండోమ్ ప్యాకెట్లు. రోగం రాకుండా ఆమె తీసుకున్న జాగ్రత్తే ఆమె మీద సాక్ష్యమవుతుంది.

1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం ప్రకారం, వయసొచ్చిన స్త్రీ తన ఇష్టంతో ఈ పని చేయడం దానంతటదే నేరం కాదు. రోడ్డు మీద విటులను పిలవడం, వ్యభిచార గృహం నడపడం నేరాలు. అయితే ఇద్దరు స్త్రీలు తమ ఇద్దరి సంపాదన కోసం వాడుకునే గదినీ చట్టం వ్యభిచార గృహమనే అంటుంది. ఒకరికొకరు కాపుగా ఉందామనుకుంటే కేసు. ఆ సంపాదన అని తెలిసీ తిన్నందుకు ముసలి తల్లి మీదా కేసు పెట్టొచ్చు. ఒంటరిగా వెళ్తే ప్రమాదం, తోడు తెచ్చుకుంటే నేరం!

కోల్‌కతాలో 1999లో హత్యకు గురైన ఒక సెక్స్ వర్కర్ కేసు నుంచి మొదలైన విచారణలో, 2022 మే 19న సుప్రీంకోర్టులో జస్టిస్ ఎల్.నాగేశ్వరరావు ధర్మాసనం స్పష్టమైన ఆదేశాలిచ్చింది. పోలీసులు వీరిని గౌరవంగా చూడాలి. లైంగిక దాడి జరిగితే వెంటనే వైద్యం అందించాలి. కండోమ్‌ను సాక్ష్యంగా చూడకూడదు. పత్రికలు వారి గుర్తింపు బయటపెట్టకూడదు. చిరునామా రుజువు లేకున్నా ఆధార్ ఇవ్వాలి. ఈ ఆదేశాలను ప్రతి ఠాణా గోడ మీదా తెలుగులో రాసి పెడితే మేలు.

ఆపదలో 112కు ఫోన్ చేయొచ్చు. ఉచిత న్యాయ సహాయానికి 15100, హెచ్ఐవీ సందేహాలకు 1097. లైంగిక దాడి జరిగినా, కండోమ్ చిరిగినా 72 గంటల్లోగా ప్రభుత్వాసుపత్రికి వెళితే హెచ్ఐవీ సోకకుండా మందులిస్తారు. ఎంత త్వరగా వెళితే అంత మేలు. వెళ్లేముందు నమ్మకమైన మనిషికి లొకేషన్ పంపడం, ఇన్ని గంటలకు ఫోన్ చేస్తానని చెప్పి ఉంచడం ఖర్చులేని రక్షణ.

మైనర్లనూ, బలవంతంగా దింపినవారినీ విడిపించాల్సిందే. అందులో రెండో మాట లేదు. కానీ తన నిర్ణయంతో బతుకుతున్న స్త్రీని కాపాడేది పోలీసు దాడి కాదు, సంఘం. కోల్‌కతా సోనాగాచిలో 1995లో సెక్స్ వర్కర్లే ఉషా సహకార సంఘం పెట్టుకుని, వడ్డీ వ్యాపారుల చేతుల్లోంచి బయటపడే దారి వేసుకున్నారు.

చట్టంలోని వ్యభిచార గృహం నిర్వచనాన్ని పార్లమెంటు మార్చాలి. అందాకా ఠాణాలు చేయగలిగింది ఒకటుంది. చెప్పిన వేళకు ఫోన్ రాలేదని స్నేహితురాలు పరుగున వస్తే, ‘నువ్వూ అదే పనా?’ అని అడగకుండా, ఏ గేటో కనుక్కుని బండి తీయాలి.