వెంట వెళ్ళినవారు

ఉద్యోగరీత్యా విదేశానికి వెళ్ళే భర్త వెంట భార్య, భార్య వెంట భర్త వెళ్ళడం నేడు సికింద్రాబాదు వంటి నగరాలలో సామాన్యమైంది. అట్లా వెళ్ళినవారిని 'తోక' అని పరిహసించేవారున్నారు. ఇది సమంజసం కాదు. వనవాసం విధించింది రామునికే. సీత తానుగా వెంట నడిచింది. ఆమెను తోక అన్నవారెవరు?

పని మీద వెళ్ళినవారికి సమావేశ మందిరమే లోకం. వెంట వెళ్ళినవారికి ఆ దేశాన్ని తెలుసుకొనే తీరిక ఉంటుంది.

మారిషస్ ద్వీపాన్నే తీసుకొందాం. 19వ శతాబ్దంలో చెరకుతోటలలో పనిచేయడానికి ఒప్పంద కూలీలుగా తెలుగువారు అక్కడికి వెళ్ళారు. కోరంగి రేవును బట్టి వారిని 'కోరింగీలు' అన్నారు. భర్తల వెంట బయలుదేరిన స్త్రీలూ ఆ ఓడలలో ఉన్నారు. వారు వెళ్ళకుంటే అక్కడ తెలుగు ఇల్లు వెలసేది కాదు. ఇల్లు లేనిచోట భాష నిలవదు. నేడు అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు దినం. సింహాద్రి అప్పన్న పూజలు, అమ్మోరు పండుగ జరుగుతున్నాయి. బడులలో తెలుగు బోధిస్తున్నారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు ఆ ద్వీపంలోనే జరిగాయి.

ఒప్పంద కూలీలు ఓడ దిగిన చోటు పోర్ట్ లూయీలోని అప్రవాసీ ఘాట్. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ రాతిమెట్ల మీద కాసేపైనా నిలబడకుండా, సముద్రతీరంలో ఛాయాచిత్రాలు తీయించుకొని తిరిగివచ్చేవారికి మాత్రమే 'తోక' అనే మాట తగుతుంది.