బొమ్మకు ముందు కొలత

పిల్లలూ! మీలో కొందరు టాబ్లెట్ మీద కూడా బొమ్మలు వేస్తున్నారు కదూ? ఒక్క గీతైనా గీయకముందే అది "కాన్వాసు ఎంత?" అని అడుగుతుంది. తోచిన అంకె వేసి ఊరుకుంటే తరవాత చిక్కే!

ఆ బొమ్మ గళ్ళ కాగితం వంటిది. గడికి ఒకే రంగు. ఆ గడినే పిక్సెల్ అంటారు. అచ్చులో బొమ్మ నునుపుగా రావాలంటే అంగుళానికి 300 గళ్ళు ఉండాలని వాడుక. ఎ4 కాగితం వెడల్పు సుమారు 8.27 అంగుళాలు, పొడవు 11.69. వీటిని 300తో హెచ్చవేస్తే సుమారు 2480, 3508 వస్తాయి. అదే మీ కాన్వాసు.

అమ్మమ్మకు పటం కట్టించి ఇద్దామని 800 గళ్ళ వెడల్పుతోనే బొమ్మ వేశారనుకోండి. ఎ4 మీద అంగుళానికి 97 గళ్ళే దక్కుతాయి. గీతలు మెట్లు మెట్లుగానో, అలికినట్టో కనిపిస్తాయి. తరవాత సాగదీసినా లాభం లేదు. లేని గళ్ళను యంత్రం ఊహించి నింపుతుందే కాని, మీ చేతి గీతను తేలేదు.

"అయితే చాలా పెద్దదే పెడతాం" అంటారా? ఆగండి! రెండువైపులా రెట్టింపు చేస్తే గళ్ళు నాలుగు రెట్లవుతాయి. ఎ4 కాన్వాసులోనే సుమారు 87 లక్షల గళ్ళున్నాయి. గడికి 4 బైట్ల చొప్పున ఒక్కొక్క పొరకు మూడున్నర కోట్ల బైట్లు కావాలి. పొరలు పెరిగినకొద్దీ చిన్న టాబ్లెట్ ఆయాసపడుతుంది.

కనుక బొమ్మ చివరికి ఎక్కడ ఉంటుందో ముందే ఆలోచించుకోండి.

ఇక మీకో లెక్క: 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు ఉన్న శుభాకాంక్షల కార్డుకు ఎంత కాన్వాసు కావాలి? 1200, 1800 వచ్చిందా? శభాష్!