వేట విహారము

గడచిన మాఘమాసమున నరసరావుపేటకు సమీపముననున్న యొక గ్రామములో మా బంధువుల యింట వివాహమునకు పోయియుంటిమి. భోజనములైన పిదప వసారాలో నలుగురు యువకులు చేతిఫోనులో నొక దేశపటమును పెద్దది చేసి, చిన్నది చేసి చూచుకొనుచు దీర్ఘాలోచనలో నుండిరి. సంగతి యేమని విచారింపగా, వారు నలుగురును ఒక సంవత్సరము ఆస్ట్రేలియాకు పోవ నిశ్చయించిరని తెలిసినది. కొన్ని నెలలు పండ్లతోటలలో పనిచేసి డాలర్లు కూడబెట్టుట, తక్కిన నెలలలో ఉత్తరపు నదులయందు గాలములు వేయుట, ఆపైన దక్షిణపు కొండలలో మృగములను వేటాడుట, ఇదియే వారి ప్రణాళిక. "అయితే అక్కడ కూలిపని చేస్తావా, నాయనా?" అని మేమొకని నడిగితిమి. "కూలి కాదు బాబాయిగారూ, వర్కింగ్ హాలిడే!" అని వాడు నవ్వెను. ప్రక్కనున్న వాని తండ్రి మీసము సవరించుకొని, "మావాడు ఆస్ట్రేలియాలో వేటకు పోతున్నాడండీ" అని పదిమందికి వినబడునట్లు చెప్పెను.

ఆ మీసమునుగూర్చియే మేమీ నాలుగు మాటలు వ్రాయవలసి వచ్చినది.

దేశాంతరయానమును మేము నిందింపము. సముద్రము దాటివచ్చినవానికి ప్రాయశ్చిత్తము విధించిన పెద్దలతో మన పూర్వులు పోరాడి గెలిచిరి. ఆ గెలుపును మరల పోగొట్టుకొనుమని చెప్పుటకు మాకు బుద్ధిలేదా? ఆస్ట్రేలియా ప్రభుత్వము 2024లో భారతీయులకు మొదటిసారిగా నీ తలుపు తెరచినది. ఏటికి వేయిమందికి, చీట్లు వేసి, 18 మొదలు 30 సంవత్సరముల వయస్సువారికి మాత్రమే యీ యవకాశము. రెండేండ్ల యున్నతవిద్యయు, కొంత యాంగ్లభాషాజ్ఞానమును, చేతిలో సుమారు 5000 డాలర్లును ఉండవలెను. రెండవ యేడును నిలువగోరువారు మొదటి యేట మూడు నెలలు నియమితమైన పనులు చేసి చూపవలెను. తోటపని, పశువుల పని, ఉత్తరతీరమున చేపల పడవపని యిట్టివే యా పనులు. పోనిండు, పడుచువారు నాలుగు దేశములు చూడనిండు. కష్టపడి తిని, కష్టపడి తిరుగనిండు. మా తగవు వారి ప్రయాణముతో కాదు.

వేట యను మాట మన భాషలో చిత్రమైనది. మా పల్నాటిలో జాతరకు కోయు పొట్టేలును వేట యందురు. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు తీరమున వలవేసి బ్రతుకువారు సముద్రముమీదికి పోవుటను వేటకు పోవుట యందురు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు ప్రభుత్వము విధించు విరామమునకు వేటనిషేధమని పేరు. నల్లమలలో చెంచువాడు విల్లుపట్టి తిరిగినదియు వేటయే. ఇన్ని వేటలలో మన గ్రామములయందు మీసము సవరించుకొనదగినది యొక్కటియైన నున్నదా? పల్లెకారుని, బెస్తవానిని వాకిటనే నిలిపి చేపలు కొనుటయే గాని, లోనికి పిలిచి పీటవేసిన యిండ్లెన్ని? చెంచువాడు తేనె యమ్మవచ్చినపుడు నీరు పోసిన చెంబును వేరుగా పెట్టినవారు మన తాతలే గదా! ఎరుకలవారిని తెల్లదొరలు 1911 నాటి శాసనముక్రింద పుట్టుకతోడనే నేరస్థులని వ్రాసికొన్నప్పుడు, మన ఊళ్లలో దానిని తప్పన్నవారెందరు?

2018 నవంబరులో శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల మత్స్యకారులు కొందరు గుజరాతు పడవలపై కూలికి పోయి, సరిహద్దు దాటిరని పాకిస్తానువారిచేత పట్టువడి, కరాచీ చెరసాలలో నొక సంవత్సరమునకు పైగా నుండి, 2020 జనవరిలో విడుదలయి వచ్చిరి. వారును ఊరు విడిచి, జీతమునకు, చేపలవేటకు పోయినవారే. దానిని విహారమని యెవరైన ననిరా?

ఇంకొక విశేషము గలదు. మన యువకులు అంతదూరము పోయి వేటాడబోవు మృగమేది? విక్టోరియా కొండలలో వేటగాండ్రకు మిక్కిలి ప్రీతిపాత్రమైనది సాంబారు, అనగా మన కణితి. 1860 ప్రాంతమున దొరలు భారతదేశమునుండియు, సింహళమునుండియు తమ వినోదమునకై దానిని తీసికొనిపోయి యా యడవులలో విడిచిరి. పులి లేని చోట అది యిబ్బడిముబ్బడిగా పెరిగి, నేడు లైసెన్సు గలవారు పొంచి వేటాడుటకు ఏడాది పొడవునను అనుమతింపబడుచున్నది. ఉత్తరపు నదులలో వారు పట్టదలచిన బారముండి యనునది మరేమియు గాదు, మన కృష్ణా గోదావరుల ముఖములయందు దొరకు పండుగప్పయే! మాచర్ల పడమటి కొండలలో తిరుగు కణితిని, దివిసీమ వలలలో పడు పండుగప్పను ఎన్నడును కన్నెత్తి చూడనివారు, వానికై భూగోళమున సగము చుట్టివత్తురట. మేము నవ్వలేదు. వారికి చెప్పితిమి. "నిజమా బాబాయిగారూ?" అని వా రాశ్చర్యపడిరి.

పల్నాటివానికి అడవిని మరచు హక్కు లేదు. 1921లో పుల్లరి యను పన్నుకై, పశువులను మేపుకొని, కట్టెలు తెచ్చుకొను సామాన్యపు స్వేచ్ఛకై మించాలపాటి కన్నెగంటి హనుమంతు నాయకత్వమున రైతులు సర్కారునెదిరించిరి. 1922 ఫిబ్రవరిలో నతడు తుపాకిగుండ్లకు బలియయ్యెను. రైతు ఆవు అడవిలో గడ్డి కొరికిన నేరము, దొర తుపాకితో వచ్చి పులిని కొట్టిన వినోదము. ఆనాటి న్యాయమిది. దానిని తలచుకొని యిప్పటికిని మా రక్తముడుకును. అయితే నేడు మన పుత్రులు కోరుచున్న దేమి? ఆ దొర కూర్చున్న మంచెమీద తమకును కొంచెము చోటు కావలెననియే గదా!

1972 నాటి వన్యమృగ రక్షణశాసనము మన దేశమున వేటకు అడ్డుకట్ట వేసినది. మంచిదే, లేకున్న నల్లమలలో నేడు పులి మిగులదు. ఆ యడవి యిప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల రక్షితప్రదేశము. 2006 నాటి అటవీహక్కుల చట్టము గిరిజనునకు తేనె, బంక, నీటివనరులలోని చేపలు మొదలగువానిపై హక్కునిచ్చి, పరంపరాగతమైన వేటహక్కును మాత్రము స్పష్టముగా మినహాయించినది. ఆస్ట్రేలియాలో నట్లుగాక, 1993 నాటి భూమిహక్కు శాసనము ఆదివాసులు తమ కుటుంబావసరములకు వేటాడుటకును, చేపలు పట్టుటకును లైసెన్సు అక్కరలేదని యంగీకరించినది. చెంచులకు కణితిని విడిచిపెట్టుడని మేము వాదించుటలేదు. మన యడవి యా దేశపు టడవివంటిది గాదు, కణితియు నిచ్చట లెక్కకు మిక్కిలిగా లేదు. కాని యడవి కొరకు తన విల్లును దింపిన చెంచువాని త్యాగమును మనలో నెవరు గుర్తించిరి? వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రక్కల వారి గూడెములున్నవి. మన యువకులలో నొక్కడైన అచ్చటికి పోయి, అడుగుజాడనుబట్టి మృగమునెట్లు పోల్చుదురో, గాలి యెటువీచునో చూచి యెట్లు నడతురో నేర్చుకొనునా? వేట యనిన గుండు పేల్చుట కాదు, అది చివరి నిమిషపు పని. తక్కిన విద్యయంతయు ఆ గూడెములలో నున్నది. ముదుసళ్లతో నది మాయమగుచున్నది.

ప్రణాళికనుగూర్చియు నొక మాట. తుపాకి లైసెన్సు వేరు, వేటలైసెన్సు వేరు. అవి రాష్ట్రమునకొక తీరున నుండును, ఉత్సాహము చూచి యెవరును తుపాకి చేతికియ్యరు. వినోదమునకు పట్టిన చేపను అమ్ముకొనగూడదు. కనుక గాలముతో ఖర్చులు వచ్చునని తలచుట భ్రమ. తోటలలో బుట్టకింతయని కూలి యిచ్చుచు మోసగించు ఆచారము ఆ దేశమున చిరకాలముండగా, 2022 ఏప్రిల్ 28 మొదలు బుట్టలెన్ని నిండినను గంటకింత యను కనీసపు కూలి తప్పక యీయవలెనని నియమమేర్పడినది. ఇది తెలియక పోయినవాడు నష్టపడును. అన్నిటికంటె ముఖ్యము, చీటిలో పేరు తగులునను ఆశతో దళారులకు ముందుగా సొమ్ము కట్టరాదు, పొలము తాకట్టు పెట్టరాదు. విహారమునకు అప్పుచేసినవాడు కూలికే మిగులును.

కూలియనగా జ్ఞప్తికి వచ్చినది. ఏటేట మాఘ ఫాల్గుణములలో కర్నూలు ప్రాంతమునుండి వేలకొలది జనము పిల్లాపాపలతో, వంటసామానుతో మా మిరపచేలకు వచ్చి, గుడారములు వేసికొని, కాయ కోసి పోవుదురు. వారును ఋతువునుబట్టి పరదేశమునకు పనికి పోవువారే. వారు చేయునది వలస, మన పిల్లలు చేయబోవునది హాలిడే! ఒకే పనికి రెండు పేర్లు పెట్టిన యీ నాలుకను ఏ మంత్రముతో శుద్ధిచేయవలెను? మాచర్లలో బ్రహ్మనాయుడు చాపకూడు పెట్టి, అన్ని కులములవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టెనని మేము తిరునాళ్లలో చెప్పుకొని గర్వింతుము. ఆ కథ విని చేతులు తట్టినవాడు తన చేనిగట్టున కూలివానికి వేరే సత్తుగిన్నెలో అన్నము పెట్టించును.

ఈ మాటలన్నియు మే మా వసారాలోనే చెప్పితిమి. తండ్రికి రుచింపలేదు. "పెండ్లియింట ఉపన్యాసమేమిటండీ" అని లేచిపోయెను. యువకులు మాత్రము లేవలేదు.

మరునాటి యుదయమున మేము బస్సునకు బయలుదేరునప్పటికి ఆ యింటివారి మిరపచేలో కోత సాగుచుండెను. నలుగురిలో నొకడు గట్టుమీద నిలిచి, గోతము నింపుచున్న యొక ముదుసలిని, "అవ్వా, రోజుకు ఎన్ని కిలోలు కోస్తావు?" అని యడిగెను. ఆమె తల యెత్తక, "నీవు దిగి కోయి నాయనా, సాయంత్రానికి నీకే తెలుస్తాది" అనెను. వాడు చెప్పులు విడిచి చేలోనికి దిగుటవరకు మేము చూచితిమి. అంతలో బస్సు వచ్చినది.