పొగ వాళ్లది, మోత మనదా?

పర్యావరణం అనగానే మనోళ్లు చాలామంది పేజీ తిప్పేస్తారు. అది పులుల గురించి, పూలకుండీల గురించి పట్నం పెద్దమనుషులు చేసుకునే ముచ్చట అనుకుంటారు. ఇన్నేళ్లూ ఆ ముచ్చట మనల్ని గడప బయట నిలబెట్టే నడిచింది కాబట్టి అట్లా అనుకోవడం తప్పు కూడా కాదు. కానీ ఇప్పుడది మన పోరంబోకు దాకా, పోడు దాకా, బస్తీలో రేకుల కప్పు దాకా వచ్చింది. గాలికి ధర కట్టి అమ్ముకునే బజారు ఒకటి తయారైంది. ఆ బజారుకు కావలసిన సరుకు మన ఊళ్లల్లో ఉంది. తక్కెడ మాత్రం మన చేతిలో లేదు.

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చితే బొగ్గుపులుసు గాలి వస్తుంది. అది పైన పేరుకుపోయి దుప్పటి కప్పినట్టు భూమి వేడిని బయటికి పోనియ్యదు. నూరేళ్లకు పైగా ఎక్కువ కాల్చింది యూరప్, అమెరికా. 1992లో రియో డి జనీరోలో దేశాలన్నీ కూడి ఒప్పందం రాసుకున్నాయి. బాధ్యత అందరిదీ, కానీ అందరికీ సమానం కాదు అని అందులో ఒప్పుకున్నాయి. ఎక్కువ పాడుచేసినోడు ఎక్కువ మొయ్యాలన్నమాట. మాట బాగానే ఉంది. 1997 డిసెంబర్‌లో జపాన్‌లోని క్యోటోలో ఆ మాటకు లెక్క కట్టారు. మోసమంతా ఆ లెక్కలోనే ఉంది.

మనకు తెలిసిన చెరువు పంచాయితీ లాగా చూద్దాం. తూము కింద దొర నూరెకరాలు పారించుకుంటాడు. కింది మాదిగోళ్ల మడికి చుక్క దిగదు. చెరువు ఎండుతోందని పంచాయితీ కూర్చుంది. పెద్దమనుషుల తీర్పు ఏందంటే, ఇప్పటిదాకా ఎవడెంత వాడుకున్నాడో అదే వాడి వాటా, అందులోంచి నూటికి ఐదు తగ్గించుకుంటే చాలు. అదీ కష్టమైతే, నీళ్లు వాడనోడికి నాలుగు పైసలిచ్చి వాడి వాటా కొనుక్కోవచ్చు. క్యోటోలో జరిగింది అచ్చం ఇదే. ధనిక దేశాలు 1990లో ఎంత పొగ వదిలాయో దాన్నే కొలతగా పెట్టుకుని, 2008-2012 మధ్య సగటున 5.2 శాతం తగ్గిస్తామన్నాయి. కబ్జా చేసినోడికి చేసినంత మేరా పట్టా!

ఆ ఐదు శాతానికీ అమెరికా ఒప్పుకోలేదు. క్యోటో సభకు ముందే, 1997 జులైలో అమెరికా సెనేట్ 95 ఓట్లతో, ఒక్కటంటే ఒక్క ఓటు వ్యతిరేకం లేకుండా తీర్మానం చేసింది. పేద దేశాల మెడకు కూడా కట్టుబాట్లు తగిలించని ఒప్పందం మాకొద్దని దాని సారాంశం. క్లింటన్ ప్రభుత్వం సంతకమైతే పెట్టింది గానీ దాన్ని సెనేట్ ముందుకు పంపనే లేదు. (ఆ క్లింటనే 2000 మార్చిలో హైదరాబాద్ వచ్చినప్పుడు ఆయన కంట పడొద్దని బిచ్చగాళ్లను రోడ్ల మీంచి ఏరేశారు. గుర్తుందా?) 2001లో బుష్ క్యోటోను తోసేశాడు. 2015లో కుదిరిన పారిస్ ఒప్పందం నుంచి ట్రంప్ ఒకసారి బయటికి పోయాడు, బైడెన్ మళ్లీ లోపలికి తెచ్చాడు, 2025 జనవరి 20న గద్దెనెక్కిన రోజే ట్రంప్ మళ్లీ బయటికి పోయే కాగితం మీద సంతకం పెట్టాడు.

ఇక కొనుగోలు అమ్మకాల సంగతికొద్దాం. పొగ తగ్గించలేని ధనిక దేశం, మన లాంటి దేశంలో ఎక్కడో పొగ తగ్గిస్తే ఆ తగ్గింపును కొనుక్కుని తన ఖాతాలో రాసుకోవచ్చు. ఒక టన్నుకు ఒక క్రెడిట్. ఈ బేరం మన దగ్గరికీ వచ్చింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే చిన్న గోండు గూడెం ఉంది. అక్కడి ఆడవాళ్ల సంఘాలు కానుగ చెట్లు పెంచి, గింజల నుంచి నూనె తీసే పని పెట్టుకున్నాయి. డీజిలుకు బదులు కానుగ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల బొగ్గుపులుసు గాలి తగ్గుతుందని లెక్క కట్టారు. 2003 అక్టోబర్‌లో ప్రపంచ బ్యాంకు ఆ 147 టన్నులూ 645 డాలర్లకు కొన్నది. అప్పటి లెక్కన దాదాపు 30 వేల రూపాయలు. దేనికోసం కొన్నదో తెలుసా? వాషింగ్టన్‌లో మూడు రోజులు జరిగిన ఒక సదస్సు వల్ల పుట్టిన పొగకు సరిపెట్టుకోవడానికి! విమానాలెక్కి వచ్చి, చల్లటి హాళ్లల్లో కూర్చుని, పోతూ పోతూ ఆ మూడు రోజుల మైలను పవర్‌గూడ ఆడవాళ్ల పదేళ్ల కష్టంతో కడుక్కున్నారు.

ఆ అక్కలను మనం ఒక్క మాట అనం. అడవి నడుమ నూనె మిల్లు నడిపించి, పైసలు కూడబెట్టుకున్నోళ్లు వాళ్లు. ఆ 30 వేలు వాళ్ల హక్కు. మన ప్రశ్న ధర కట్టినోడికి. టన్నుకు నాలుగున్నర డాలర్లు కూడా పడలేదు. అదే కాలంలో అదే బజారులో పెద్ద కంపెనీలు ఏం చేశాయో చూస్తే కడుపు మండుతుంది. ఫ్రిజ్‌లకు, ఏసీలకు వాడే గ్యాసు తయారుచేసే ఫ్యాక్టరీలు గుజరాత్‌లో, రాజస్థాన్‌లో ఉన్నాయి. ఆ గ్యాసు చేసేటప్పుడు పక్కన హెచ్‌ఎఫ్‌సీ-23 అనే ఇంకో గ్యాసు పుడుతుంది. అది ఒక టన్ను 11,700 టన్నుల బొగ్గుపులుసు గాలితో సమానమని లెక్క. అంటే ఒక్క టన్ను కాల్చేస్తే 11,700 క్రెడిట్లు చేతికొస్తాయి. పవర్‌గూడ లాంటి గూడేలు దాదాపు ఎనభై, పదేళ్లు చెమటోడ్చితే వచ్చేటంత! కాల్చడానికయ్యే ఖర్చు కొద్ది, వచ్చే లాభం బోలెడు. క్రెడిట్ల కోసమే కొన్ని ఫ్యాక్టరీలు గ్యాసు ఎక్కువ పుట్టిస్తున్నాయని ప్రపంచమంతా గోల లేచాక, 2013లో యూరప్ ఆ క్రెడిట్లను కొనడం ఆపేసింది. అప్పటికే బజారు కూలింది. 2008లో ఇరవై యూరోలు పలికిన క్రెడిట్ 2012 చివరికి ఒక యూరో కూడా పలకలేదు. పత్తికి, మిర్చికి ధర ఎట్లా పడిపోతుందో మనకు కొత్తగా చెప్పేదేముంది.

ఢిల్లీ పాలకులు ఈ సభల్లో మన తరఫున మాట్లాడుతున్నామంటారు. సగటున అమెరికా వాడు ఏడాదికి 14 టన్నుల దాకా వదిలితే మనవాడు 2 టన్నులే వదులుతున్నాడు, కాబట్టి మా మీద ఆంక్షలు పెట్టొద్దంటారు. న్యాయమైన వాదనే. మనిషికింత అని లెక్క కట్టాలని 1991లోనే ఢిల్లీలో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ గట్టిగా రాశారు. బతకడానికి వదిలే పొగ వేరు, జల్సాకు వదిలే పొగ వేరు అని కూడా వాళ్లే అన్నారు. ఆ రెండో ముక్కను మన సర్కారు ఢిల్లీలోనే వదిలేసి విమానమెక్కుతుంది. ఆ 2 టన్నుల సగటు ఎట్లా వచ్చింది? జూబ్లీహిల్స్‌లో గదికో ఏసీ, మనిషికో కారు ఉన్నోడిని, ఉప్పుగూడలో రేకుల కింద ఒక ఫ్యాన్ తిప్పుకునేటోడిని కలిపి భాగిస్తే వచ్చింది. మన లేమిని చూపించి వాళ్ల జల్సాకు అనుమతి తెస్తున్నారు. బయట మనిషికొక వాటా అడిగేటోళ్లు ఇంట్లో ఎందుకు పంచరు? ఒక మనిషికి ఒక ఓటు ఇచ్చి, ఆర్థికంగా ఒకే విలువ ఇవ్వకపోతే ఏమవుతుందో 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించాడు. ఆకాశం పంపకానికీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

ఈ పత్రిక పాతబస్తీ నుంచి వస్తోంది కాబట్టి ఇక్కడి సంగతి కూడా చెప్పాలి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల ప్రాణాలు తీసింది. ఆ దెబ్బకే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. వాటి ఎగువన కట్టడాలు రావొద్దని 1996లో జీవో 111 తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి ఆ ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు. ఎగువన భూములున్నోడికి పండగ, దిగువన ఉన్నోడికి భయం. 2020 అక్టోబర్‌లో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన పడింది. బండ్లగూడలో గోడ కూలి ఇండ్లల్లో పడుకున్నోళ్లు పడుకున్నట్టే పోయారు. గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్‌బాబానగర్ గల్లీలు మునిగాయి. ఇంటికి పదివేలని సర్కారు ప్రకటించింది, అది అందినోళ్లకు అందింది, అందనోళ్లు మీసేవ ముందు లైన్లు కట్టారు. మురికి తోడింది ఎవరు? నాలాల్లో దిగింది ఎవరు? కాంట్రాక్టు సఫాయి పనోళ్లు, మన మాదిగ, మాల ఆడబిడ్డలు. 2024లో మూసీ సుందరీకరణ అంటూ మూసానగర్, శంకర్‌నగర్ గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేశారు. కొందరికి డబుల్ బెడ్‌రూం ఇండ్లు దొరికాయి, పనులు మాత్రం దూరమయ్యాయి.

ఎండ సంగతీ అంతే. 2023లో రాష్ట్రం చల్లకప్పు విధానం తెచ్చింది, కప్పు మీద వేడిని తిప్పికొట్టే తెల్లరంగు వేయాలని. 600 గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇండ్లకు తప్పనిసరి, అంతకన్నా చిన్నవాటికి మీ ఇష్టం అన్నారు. పాతబస్తీలో 60 గజాల రేకుల ఇంటివాడి ఇష్టం ఏందో ఎవరడిగారు? నిజంగా ఉడికేది ఆ ఇంట్లోనే. సర్కారు పైసలతో ముందు రంగు పడాల్సింది ఆ రేకులకు.

ఇప్పుడు అసలు ప్రమాదం ఊళ్ల వైపు వస్తోంది. 2022లో చట్టం సవరించి 2023 జూన్‌లో కేంద్రం దేశంలోనే కార్బన్ క్రెడిట్ల బజారుకు పథకం ప్రకటించింది. ఇందులో ఫ్యాక్టరీకి మొత్తం పొగ మీద పరిమితి లేదు, టన్ను సిమెంటుకు ఇంత అని మాత్రమే. సిమెంటు ఎక్కువ చేస్తే పొగ కూడా ఎక్కువే, అయినా వాడు మంచోడే. 2023 అక్టోబర్‌లో గ్రీన్ క్రెడిట్ నియమాలు వచ్చాయి. పాడైన అడవి భూమిలో, బంజర్లలో చెట్లు నాటితే కంపెనీకి క్రెడిట్. సర్కారు కాగితంలో "బంజరు" అని రాసింది మన గొడ్ల మేత, మన కట్టెపుల్ల, మన బొందలగడ్డ. పట్నంలో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో 2025 మార్చిలో రాత్రికి రాత్రి బుల్డోజర్లు దింపి చెట్లు కొట్టారు, సుప్రీంకోర్టు ఆపితే ఆగారు. పట్నంలో నరికేటోళ్లే ఊళ్లో నాటుతామంటే అనుమానించాలా, వద్దా?

పోడు భూములకు 2023లో నాలుగు లక్షల ఎకరాలకు పైగా పట్టాలిచ్చారు, గిరిజనులకు. సంతోషం. అదే అడవి అంచున తరాలుగా బతుకుతున్న దళితుడు 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగితే మూడు తరాల, అంటే 75 ఏళ్ల నివాసానికి రుజువు తెమ్మంటారు. చదువే లేకుండా చేసినోళ్లు 75 ఏళ్ల కాగితం అడుగుతున్నారు! రుజువు లేని ఆ భూమే రేపు ఎవడి క్రెడిటో అవుతుంది.

కాబట్టి సంఘాల వాళ్లు ఇప్పటినుంచే కన్నేసి ఉంచాలి. మీ ఊరి బంజరులోనో, అడవి అంచునో కొత్తగా కంచె పడితే, మొక్కల బోర్డు లేస్తే గ్రామసభలో నిలబడి అడగండి: ఏ సర్వే నంబరు, ఎన్నేళ్లకు, క్రెడిట్ ఎవరి పేరు మీద, అమ్మితే ఊరికెంత, గొడ్లు మేపుకునే దారి ఎక్కడ. ఒప్పంద పత్రం తెలుగులో చదివి వినిపించేదాకా వేలిముద్ర వేయొద్దు. ఆడవాళ్లను సభకు తప్పకుండా తీసుకుపోండి, కట్టెలకు పోయేది వాళ్లే కాబట్టి హద్దులు వాళ్లకే బాగా తెలుస్తాయి. తీర్మానం రాయించి, కార్యదర్శి సంతకం తీసుకుని, ఒక నకలు మాకు పంపండి. వచ్చే సంచిక నుంచి వాటిని ఊరి పేరుతో సహా అచ్చువేస్తాం.