పొయ్యి తలుపుకు చేయి కాలని పిడి పెట్టండి

ఇనుప కట్టెల పొయ్యిలు తయారుచేసేవారికి,

మీ పొయ్యికి తలుపుంది, పొగ గొట్టముంది. తలుపు పిడి మాత్రం తలుపుకే అతికిన ఇనుప ముక్క. కాసేపు మంట మండితే దాన్ని ముట్టుకోలేం. 60 డిగ్రీలకు చేరిన లోహాన్ని కొన్ని సెకన్లు పట్టుకున్నా చర్మం కాలుతుంది. కట్టె ఎగదోయాలంటే ఆ తలుపు మాటిమాటికీ తీయక తప్పదు.

మా అమ్మ మసిగుడ్డతో తీసేది. ఒకరోజు అది చేతికందక పైట కొంగుతో పట్టుకుంది. కొంగుకు నిప్పంటుకుంది. పక్కనే ఉన్నాం కాబట్టి ఆర్పగలిగాం. అరచేతి బొబ్బలు మానడానికి రెండు వారాలు పట్టింది. అది నూలు చీర. పాలియెస్టర్‌దైతే కరిగి ఒంటికి అతుక్కునేది.

పిడి మార్చడానికి కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు. పిడికి చెక్క తొడుగు వేయండి. లేదా గాలి ఆడేలా తీగ చుట్టిన స్ప్రింగు పిడి పెట్టండి. కాడనైనా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయండి, అది మామూలు ఉక్కు మోసే వేడిలో సుమారు మూడోవంతే మోస్తుంది.

ఇప్పటికే అమ్మిన పొయ్యిలకు పిడి ఉచితంగా మార్చండి. అందాకా ప్రతి ఇంటికీ తలుపు లాగే ఇనుప కొక్కెం ఒకటి పంపండి.

ఇట్లు,
మీ పొయ్యి కొన్న ఒక ఇంటివారు