ఆ పిల్లను చూడ్డానికి వెళ్లొద్దు

ఉత్తర కెన్యాలోని తుర్కానా ప్రాంతం. లాడ్వార్ పట్నం దాటి, ఎండిన వాగుల ఇసుకలో పడి పోతే ఎక్కడో ఓ పల్లె. దాత బండి దుమ్ము కనబడగానే అక్కడ పాఠం ఆగిపోతుంది, పాట మొదలవుతుంది. దిగినాయన చేతిలో ఫుట్‌బాలు, సంచిలో చాక్లెట్లు. వరసలోంచి ఓ పిల్లను ముందుకు తోస్తారు. ఆయన నెలనెలా డబ్బు కట్టేది ఆ పిల్ల పేరుమీదే. వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించుకున్న ఫొటో ఆ పిల్లదే. తనేమో ఆయన మొహం చూడదు, బొటనవేలితో ఇసుకలో గీతలు గీస్తుంటుంది. వెనక చెట్టుకింద అతిథి కోసం మేకను కోస్తుంటారు.

మేకంటే అక్కడ ఇంటి పొదుపు. 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకాలాలు మొహం చాటేసిన నేల అది. మందలు కళ్లముందే కూలిపోయాయి.

పిల్లల స్పాన్సర్‌షిప్ సంస్థలు చాలావరకు ఇలాంటి దర్శనాలకు ఏర్పాట్లు చేస్తున్నాయి. వాటిని మానేయాలి.

డబ్బు పంపడం మానమనడం లేదు. కెన్యా, ఉగాండా, మన దేశం సహా ఆరు దేశాల్లో ఇలాంటి ఓ కార్యక్రమాన్ని పరిశీలించి 2013లో వెలువరించిన అధ్యయనం, సాయం అందిన పిల్లలు ఏడాదికి పైగా ఎక్కువ చదివారని తేల్చింది. అది చిన్న మేలు కాదు.

కళ్లతో చూడకుండా ఎలా నమ్మేది అంటారు కొందరు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. మాలిలో చనిపోయిన పిల్లల పేర్ల మీద కూడా దాతల సొమ్ము వెళ్తూనే ఉందని 1998లో షికాగో ట్రిబ్యూన్ బయటపెట్టింది. లెక్క అడగాల్సిందే. చెప్పాల్సింది మాత్రం ఆఫీసు, తొమ్మిదేళ్ల పిల్ల కాదు. బోరు పనిచేస్తోందా, టీచరు నెలలో ఎన్ని రోజులొచ్చారు అని నిలదీయండి. ఆడిట్ నివేదిక తెప్పించుకు చదవండి. అది విసుగు పుట్టించే పనే, ఒప్పుకుంటాం.

నిజానికి చాలాచోట్ల ఆ సొమ్ము ఆ పిల్ల ఒక్కదానికే పోదు, ఊరందరి బడికీ నీళ్లకూ కలిపి ఖర్చవుతుంది. మంచిదే. మరి ప్రకటనలో ఒక్క మొహమే ఎందుకు? దాత దొరకని పక్కబెంచీ పిల్లాడు ఆ చాక్లెట్ల వేళ ఎటు చూడాలి?

పిల్లకో దాతను జతచేసే ఈ పద్ధతిని 1937లో ప్లాన్ సంస్థ స్పెయిన్ అంతర్యుద్ధంలో దిక్కులేనివాళ్లైన పిల్లల కోసం చేపట్టింది. అదే స్పెయిన్ నుంచి ఇప్పుడు దాతలు అనంతపురం పల్లెలకు వస్తుంటారు. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన సేవాసంస్థ ఆర్డీటీ అక్కడ చేసిన మేలును జిల్లా మరచిపోదు. కానీ పరాయి దేశపు అతిథి ముందు కొత్త గౌను తొడుక్కుని నిలబడటం ఎలా ఉంటుందో మన పల్లెలకూ తెలుసు. డాలర్లలో సంపాదిస్తూ ఇప్పుడు తామే దాతలవుతున్న తెలుగువాళ్లకు ఇది గుర్తుండాలి.

మళ్లీ కెన్యాకే వస్తే, 2003లో అక్కడి ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఫీజు ఎత్తేసింది. 59 లక్షలున్న విద్యార్థులు ఆ ఏడాదే 72 లక్షలకు చేరారు. అలా చేరినందుకు వాళ్లలో ఎవరూ ఏ దాతకూ కృతజ్ఞతగా ఉత్తరం రాయాల్సిన పని పడలేదు.