ఆకు తిప్పి చూపే సలహా: పల్నాడు మిరప రైతు, డిజిటల్ విస్తరణ

మిరప తోటలో ఆకులు ముడుచుకోగానే పల్నాడు రైతు నోట వచ్చే మొదటి మాట ‘ముడత వచ్చింది’ అన్నదే. ఆ ఒక్క మాట వెనుక కనీసం మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. తామర పురుగులు ఆశించినప్పుడు ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి. తెల్లనల్లి ఆశించినప్పుడు కిందికి ముడుచుకుంటాయి. తెల్లదోమ ద్వారా వ్యాపించే జెమిని వైరస్ సోకినప్పుడు ఆకులు చిన్నవై ముడుచుకొని మొక్క గిడసబారుతుంది. మొదటి రెండింటికి వాడవలసిన మందులు వేరు. మూడవ దానిలో వైరస్ సోకిన మొక్కను నయం చేసే మందే లేదు. ఈ తేడాను ఆకు తిప్పి చూపుతూ రెండు నిమిషాలలో వివరించవచ్చు. అయినప్పటికీ ‘మిరపలో సమగ్ర సస్యరక్షణ’ వంటి శీర్షికతో నారుమడి నుండి కోత వరకు అన్నింటినీ ఒకే ప్రసంగంలో ఇమిడ్చే అలవాటు విస్తరణ వ్యవస్థను ఇంకా వీడలేదు. రైతు తన సందేహానికి సమాధానం ఆ ప్రసంగంలో ఎక్కడ ఉన్నదో వెతుక్కోవలసి వస్తున్నది.

ఈ లోపం ఖరీదు ఎంతటిదో 2021-22 పంటకాలం తెలియజేసింది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయిపై తొలిసారిగా గుర్తించిన త్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త తామర పురుగు ఆ ఏడాది తెలుగు రాష్ట్రాల మిరప తోటలను ముంచెత్తింది. పాత తామర పురుగు ప్రధానంగా లేత ఆకులను ఆశించేది. కొత్తది పూలలో గుంపులుగా చేరి పూత రాలిపోవడానికి కారణమైంది. ముడత కోసం ఆకును చూడడానికి అలవాటుపడిన కంటికి పూవును విప్పి చూడాలన్న సంగతి సకాలంలో అందలేదు. మందు మీద మందు పిచికారి చేసినా ఫలితం కానరాక తోటలు పీకివేసిన రైతులున్నారు. విచక్షణ లేని పిచికారి వలన మిత్రపురుగులు నశించి సమస్య మరింత జటిలమవుతుంది. కౌలు చెల్లించి, అప్పు తెచ్చి మిరప నాటిన రైతుకు అనవసరమైన ఒక్క పిచికారి అయినా భారమే.

నేడు రైతు ఫోనులో సమాచారానికి కొరత లేదు. మందు పేరు, ట్యాంకుకు వేయవలసిన మోతాదు, ఎన్ని రోజులలో ఫలితం కనిపిస్తుంది అన్న మూడు విషయాలను అమ్మకందారు సూటిగా చెబుతాడు. శాస్త్రవేత్త మాట సరైనదైనా సుదీర్ఘంగా, అందరినీ ఉద్దేశించి సాగుతుంది. ఈ పోటీలో నెగ్గడానికి శాస్త్రవేత్త అమ్మకందారును అనుకరించనవసరం లేదు. తన మాట ఎవరి కోసమో ముందుగా నిర్ణయించుకుంటే చాలు.

ఎవరి కోసం?

2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో 28 మండలాలున్నాయి. వీటన్నింటినీ ఒకే శ్రోతృవర్గంగా భావించడం కూడా పొరపాటే. నాగార్జునసాగర్ కుడి కాలువ కింద సాగుచేసే రైతు నాట్లు నీటి విడుదలను బట్టి ముందుకు, వెనుకకు జరుగుతాయి. వరికపూడిశెల ఎత్తిపోతల నీటి కోసం ఎదురుచూస్తున్న వెల్దుర్తి, బొల్లాపల్లి మెట్ట ప్రాంతాలలో బోరు, వాన ఆధారమే నిర్ణయాత్మకం. ఒకే వారంలో ఒకరి తోట పూతలో ఉంటే మరొకరిది ఇంకా మొక్క దశలోనే ఉండవచ్చు. ‘ఈ వారం మిరప రైతులకు సూచనలు’ అన్న ఉమ్మడి సందేశం ఇద్దరిలో ఒకరికి తప్పక అసందర్భమవుతుంది. అటువంటి సందేశాలు నాలుగు అందుకున్న రైతు అయిదవదాన్ని తెరవడు.

పరిమిత శ్రోతలను ఉద్దేశించి మాట్లాడితే ప్రభావం తగ్గుతుందన్న భయానికి చరిత్రలో ఆధారం లేదు. 1960లలో తంజావూరు ప్రాంత రైతులకు ఏ.డి.టి.-27 వరి రకాన్ని ఆకాశవాణి ఎంతగా చేరువ చేసిందంటే, రైతులు దానిని ‘రేడియో వరి’ అని పిలుచుకున్నారు. ఒక ప్రాంతం, ఒక పంట, ఒక రకం అన్న స్పష్టతే అక్కడి విజయానికి తోడ్పడింది. 2006లో బెంగళూరులో మైక్రోసాఫ్ట్ పరిశోధన సంస్థలో ఆరంభమైన డిజిటల్ గ్రీన్ మరొక ఉదాహరణ. స్థానిక రైతుల చేతనే పద్ధతులను చేయించి, చిత్రీకరించి, ఊరిలో ఒక సహాయకుని సమక్షంలో ప్రదర్శించడం దాని విధానం. 16 గ్రామాలలో జరిపిన తొలి ప్రయోగంలో, ఒక్కొక్క రైతు చేత పద్ధతిని ఆచరింపజేయడానికి అయిన ఖర్చును బట్టి చూస్తే సంప్రదాయ విస్తరణ కంటే ఇది కనీసం పదింతలు ఫలవంతమని తేలింది. తెరపై కనిపించే రైతు ఏ ఊరివాడన్నది చూసేవారికి ముఖ్యమని ఆ అనుభవం చాటింది. దుర్గి మండల రైతు తన చేనులో నీలి రంగు జిగురు అట్టను చూపుతూ చెప్పే మాటకు కారంపూడి రైతు ఇచ్చే విలువ, స్టూడియోలో వినిపించే మాటకు ఇవ్వకపోవచ్చు.

అభ్యంతరాలు

శాస్త్రవేత్తలు తక్కువ, బాధ్యతలు ఎక్కువ అన్న అభ్యంతరం సహేతుకమైనదే. ప్రతి మండలానికి ప్రత్యేక వీడియో తీయడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. ముడతలలో తేడా మాచర్లలోనైనా గురజాలలోనైనా ఒక్కటే. మారేది అది చేరవలసిన వారం. ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క చిన్న వీడియో చొప్పున సిద్ధం చేసి ఉంచితే, పంట దశను బట్టి ఏ గ్రామానికి ఏది పంపాలో రైతు సేవా కేంద్రంలోని సహాయకుడు నిర్ణయించగలడు. స్మార్ట్‌ఫోను లేని కౌలుదారులకు, కోత కూలీలకు అదే సమాచారం మాటల రూపంలో మామూలు ఫోనుకు చేరాలి. పిచికారి తరువాత ఎన్ని రోజులు ఆగి కాయ కోయాలో ముందుగా తెలియవలసినది కోతకు దిగే స్త్రీలకే.

మరొక ప్రమాదం పాత సలహా. 2020లో తీసిన మిరప వీడియో కొత్త తామర పురుగు ఊసెత్తదు. అయినా అది ఫోను నుండి ఫోనుకు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ప్రతి వీడియోలో పంటకాలం, తేదీ స్పష్టంగా కనిపించాలి. సిఫారసు మారినప్పుడు పాతదానిని తొలగించే బాధ్యత ఒక నిర్దిష్ట వ్యక్తికి అప్పగించాలి. పత్రికలో అచ్చయిన సలహా పాతబడిందని పాఠకుడు సంచిక తేదీని బట్టి గ్రహిస్తాడు. తేదీ లేని వీడియోకు ఆ అవకాశం లేదు.

కొలమానం మారాలి

ఎంతమంది చూశారన్నది నివేదికలలో ఆకర్షణీయంగా కనిపించే అంకె. లక్ష మంది చూసిన వీడియోను మిరప వేసినవారిలో ఎందరు చూశారో ఆ అంకె చెప్పదు. మూడువందల మంది కుడి కాలువ రైతులు చూసి, వారిలో కొందరు పూవును విప్పి పరిశీలించి, ఒక పిచికారి మానుకొంటే ఆ వీడియో తన పని నెరవేర్చినట్లే. దీనిని కొలవడం కష్టమేమీ కాదు. వీడియో పంపిన పది రోజులకు కొన్ని తోటలు దర్శించి, రైతు దేనిని చూసి ఏ నిర్ణయం తీసుకున్నాడో అడగవచ్చు. వ్యవసాయ విస్తరణ విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమంలో ఈ పనిని చేర్చితే అదనపు సిబ్బంది అవసరమూ రాదు. ఆ విద్యార్థులు మోసుకొచ్చే రైతుల ప్రశ్నలే తరువాతి వీడియోకు శీర్షికలు కావాలి. శాస్త్రవేత్తల పనిని మదింపు చేసే సంస్థలు కూడా వీక్షకుల సంఖ్యకు బదులు ఈ క్షేత్ర పరిశీలనకు మార్కులు కేటాయించాలి. మదింపు మారనిదే వీడియోల తీరు మారదు. వచ్చే నాట్ల నాటికి ఒకటి రెండు మండలాలలోనైనా ఈ పద్ధతిని పరీక్షించి చూడడం విశ్వవిద్యాలయాలకు అసాధ్యం కాదు.